‘ఏం కాదులే, ఎక్కు’: పొలం పనుల్లో ఎత్తు మీద నుంచి పడిపోకుండా

గూడూరు నుంచి మాట్లాడుతున్నాను. బందరు పక్కన గూడూరండీ, నెల్లూరు వైపు గూడూరు కాదు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

పోయిన భాగంలో మినుములో పల్లాకు తెగులు గురించి చెప్పుకున్నాం. ఈసారి తెగుళ్ళు లేవు, ఎరువులు లేవు. మనుషులు పడిపోవటం గురించి మాట్లాడతాను. రేకుల మీద నుంచి, గడ్డివాము మీద నుంచి, తాడిచెట్టు మీద నుంచి, డాబా మీద నుంచి. ఇది చెప్పాలని రెండేళ్ళుగా అనుకుంటున్నా, నోరు రావట్లేదు. ఎందుకంటే ఇందులో నా తప్పుంది. ముందు అది చెప్పేస్తాను.

2023 డిసెంబరు 4వ తారీకు. మిచాంగ్ తుపాను గుర్తుందిగా? మర్నాడు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 4న మనవైపు ముసురు, గాలి. కోసిన పనలు కొన్ని ఇంకా చేలోనే ఉన్నాయి. నూర్చిన ధాన్యం బస్తాలకెత్తి మా గొడ్లసావిట్లో పెట్టించాను. ఆ సావిడికి సిమెంటు రేకులు. మా నాన్నగారి హయాంలో వేయించినవి. ఒక మూల రేకు బీట పడి, సరిగ్గా బస్తాల మీదకే కారుతోంది.

పొద్దున్నించీ నాతో బస్తాలు మోసిన మనిషి ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, నన్ను బాబాయ్ అంటాడు. పేరు చెప్పను. ఈ వీడియో చేస్తానంటే "చెయ్యి బాబాయ్, పేరు మాత్రం వద్దు" అన్నాడు. బరకం చేతికిచ్చి, పైకెక్కి ఆ బీట మీద కప్పి, నాలుగు ఇసక మూటలు పెట్టమన్నాను. నిచ్చెన మీద కాలు పెట్టి అడిగాడు, "బాబాయ్, రేకులు పాతయి, ఆగుతాయంటావా?" అని.

నేనేమన్నానో తెలుసా? "ఏం కాదులేరా, ఎక్కు. మొన్నామధ్య నేనే ఎక్కా."

నేనెక్కిన మాట నిజమే. కాకపోతే అది ఎండాకాలం. పైగా నేను బోల్టుల వరస మీద అడుగేసుకుంటూ వెళ్ళాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు. నా కళ్ళు బస్తాల మీద ఉన్నాయి. రేకు నాచు పట్టి నల్లగా ఉంది, వానకి తడిసి ఉంది, బోల్టులు కనపడే పరిస్థితి లేదు. మూడో అడుగుకి రేకు విరిగిపోయింది. కేకైనా వెయ్యలేదండీ. రేకు విరిగిన చప్పుడు, వెంటనే కింద పడ్డ చప్పుడు. పన్నెండు అడుగులు. కింద నాపరాళ్ళు.

వెన్నుపూస విరిగింది. మనిషి బతికాడు. నడుం కింద నుంచి కాళ్ళు పనిచెయ్యవు. ఇప్పటికీ అంతే.

ధాన్యం తడవలేదు. అది తలుచుకుంటే నాకు ఇంకా అన్నం సయించదు.

సరే, ఇక విషయానికొస్తాను. ఆ రోజు తర్వాత నేను తెలుసుకున్న మొదటి సంగతి ఏంటంటే, మనం దేన్ని ఎత్తు అనుకుంటామో అక్కడే పొరపాటు చేస్తున్నాం. తాడిచెట్టు ఎత్తు, సెల్ టవరు ఎత్తు. పన్నెండు అడుగుల సావిడి మనకి ఎత్తులా కనపడదు. లెక్క చూడండి. పన్నెండు అడుగుల నుంచి పడితే నేలకి చేరటానికి ఒక్క సెకను కూడా పట్టదు. తగిలే సమయానికి వేగం గంటకి 30 కిలోమీటర్లు. పదిహేను అడుగుల గడ్డివాము మీద నుంచైతే 34. యాభై అడుగుల తాడిచెట్టు మీద నుంచైతే 60 దాటుతుంది. సెకనులోపు మనిషి ఏం పట్టుకోగలడు? "నేను జాగ్రత్తగా ఉంటాలే" అనే మాట పడకముందు పనికొస్తుంది గానీ, జారాక జాగ్రత్త అనేదే ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవటం వల్ల చనిపోతున్నారు. ప్రమాదాల చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. ఇందులో ముసలివాళ్ళు ఇంట్లో జారిపడటం లాంటివి కూడా కలిసి ఉన్నాయి, అన్నీ పని ప్రమాదాలు కావు. కానీ అయిదింట నాలుగు వంతుల కంటే ఎక్కువ చావులు మనలాంటి బీద, మధ్యతరగతి దేశాల్లోనే.

రెండో సంగతి. ఫ్యాక్టరీలో మనిషిని ఎత్తు మీదకి పంపాలంటే పడకుండా ఏర్పాటు చెయ్యాల్సింది యజమానే అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే నిబంధన పెట్టారు. మన సావిడి దగ్గరకి, మన వాము దగ్గరకి ఆ ఇన్‌స్పెక్టరు రాడు. ఇక్కడ యజమాని, ఇన్‌స్పెక్టరు, సేఫ్టీ ఆఫీసరు అన్నీ మనమే. పని చెప్పేవాడు కింద ఉంటాడు, చేసేవాడు పైన ఉంటాడు. "ఏం కాదు" అనే మాట ఎప్పుడూ కింద నుంచే వస్తుంది, గమనించారా? అందుకే నేను చెప్పేది కూలికెళ్ళే వాళ్ళకంటే ముందు పని చెప్పే వాళ్ళకి. రైతుకి, కౌలు రైతుకి, మేస్త్రీకి.

మనిషిని ఎక్కించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి, ఇదే వరసలో. ఎక్కకుండా ఈ పని అవుతుందా? ఎక్కక తప్పదంటే, పడకుండా ఏం చెయ్యగలం? అయినా పడితే, దెబ్బ తగ్గేట్టు ఏముంది? మనం ఎప్పుడూ మూడోదాని నుంచి మొదలుపెడతాం, బెల్టు కొందామా, హెల్మెట్ కొందామా అని. మొదటి ప్రశ్నకే సగం పనులు తేలిపోతాయండీ.

నా సావిడినే తీసుకోండి. ఆ రోజు ఎక్కాల్సిన అవసరమే లేదు. బస్తాలు ఆరడుగులు పక్కకి జరిపి, వాటి మీద బరకం కప్పితే సరిపోయేది. ఇద్దరికి పావుగంట పని. ఇంత చిన్న సంగతి నాకు ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు తట్టింది.

సిమెంటు రేకు గురించి ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. రేకు వానని ఆపటానికి చేసింది, మనిషిని మొయ్యటానికి చేసింది కాదు. కొత్తదైనా అంతే. పాతబడేకొద్దీ పెళుసెక్కుతుంది. "బోల్టుల మీద నడవాలి" అని మనవాళ్ళు అంటారు, కింద పర్లిన్ ఉంటుంది కాబట్టి. నేనూ అట్టాగే నడిచాను, పడలేదు. కానీ అది తాడు మీద నడకే. ఒక్క అడుగు తప్పితే కింద ఏమీ ఉండదు. బీటని లోపలి నుంచి, కింద నిలబడి అతుక్కోవచ్చేమో ముందు చూడండి. పైకెళ్ళక తప్పదంటే, కనీసం రెండు మూడు పర్లిన్ల మీద ఆనేటట్టు పొడుగాటి గట్టి చెక్కలు పరిచి, వాటి మీదే కదలాలి. రెండు చెక్కలుండాలి, ఒకటి మనిషి కింద, ఒకటి ముందుకి జరుపుకోవటానికి. వానలో, గాలిలో మాత్రం అసలు ఎక్కించొద్దు. తుపాను ముందు రోజు చేసే పని కాదది, దసరా లోపు చూసుకోవాల్సిన పని.

ఇక గడ్డి. మన డెల్టాలో వరిగడ్డి లేని ఇల్లు లేదు. వాము వేసేటప్పుడు పైనున్న మనిషి గడ్డి తొక్కుతూ అంచు దాకా వస్తాడు. అంచు గట్టిగా ఉన్నట్టే కనపడుతుంది, కింద బోలుగా ఉంటుంది. అందుకని అంచుకి మూడడుగుల ఇవతలే ఆగాలి. అంచు సర్దే పని కింద నుంచి పంగలకర్రతో చెయ్యాలి. దిగేటప్పుడు గడ్డి పట్టుకుని జారతారు చూడండి, దానివల్ల కాళ్ళు విరుగుతాయి. నిచ్చెన ఉంచండి. వాడుకునేటప్పుడు ఒకవైపే కింద నుంచి లాక్కుంటూ పోతే పైభాగం గొడుగులా వేలాడుతుంది. దాని మీదకి ఎవరన్నా ఎక్కితే వాముతో సహా పడతారు. పై నుంచి మెట్టు మెట్టుగా తీసుకుంటూ రావాలి.

ట్రాక్టరు ట్రక్కు మీద గడ్డి లోడు ఇంకా ప్రమాదం. లోడు మీద మనిషి ఉండగా బండి ఒక్క అడుగు కూడా కదలకూడదు. "కాస్త ముందుకి తియ్" అని కింద నుంచి ఒకరు అరుస్తారు, డ్రైవరు తీస్తాడు, పైన వాడు వెనక్కి పోతాడు. మోకు బిగించేటప్పుడు పైన నిలబడి వెనక్కి వాలి లాగుతుంటారు. మోకు తెగితే ఆ మనిషి వీపు మీద పడతాడు. మోకు అటు నుంచి ఇటు విసిరి, ఇద్దరూ నేల మీద నిలబడే బిగించండి. ఇంకొకటి, లోడు మీద కూర్చుని ఇంటికి రావటం. చల్లగాలి తగులుతుంది, బానే ఉంటుంది. పైన కరెంటు తీగ కూడా ఉంటుంది. తీగ తప్పించుకోబోయి పడ్డవాళ్ళూ ఉన్నారు. డబ్బులుంటే గడ్డి చుట్టించే మిషను పిలిపించండి, చాలావరకు ఎక్కే పనే తప్పుతుంది.

డాబా సంగతి. ఇది ఆడవాళ్ళ కోసం చెబుతున్నా. మినుములు, మిరపకాయలు, ఒడియాలు అన్నీ డాబా మీదే కదా ఎండబెడతాం. పిట్టగోడ కట్టటానికి డబ్బులు సరిపోక చాలా ఇళ్ళకి డాబా అట్టాగే వదిలేశారు. గింజలు నెరిపేటప్పుడు వెనక్కి నడుస్తాం. కళ్ళు గింజల మీద ఉంటాయి, అంచు వీపు వెనకాల ఉంటుంది. పిట్టగోడ కట్టేదాకా ఒక పని చెయ్యండి. అంచుకి ఆరడుగుల ఇవతల నాలుగు వైపులా కుర్చీలకో, ఇటుకల్లో నిలబెట్టిన కర్రలకో తాడు కట్టండి. ఆ తాడు దాటి గింజలు పొయ్యొద్దు. నెరిపేటప్పుడు మొహం అంచు వైపు పెట్టుకుని ముందుకే నడవండి. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు చెట్లు. తాడిచెట్టెక్కే గీత కార్మికులకి నేను పాఠం చెప్పేంత వాణ్ణి కాదు. ఆ విద్య వాళ్ళది. కానీ మోకు మనిషిని చెట్టుకి ఆనించి ఉంచుతుంది, కాలు జారితే ఆగేలా చేసింది కాదది. తెలంగాణలో 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ అని గీత కార్మికులకి రక్షణ కిట్లు ఇవ్వటం మొదలుపెట్టారు. జారినా కింద పడకుండా ఆపే తాళ్ళు, బెల్టులూ అవి. కొబ్బరికైతే కేరళలో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కుర్రాళ్ళకి యంత్రంతో చెట్టెక్కటం నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. కాళ్ళు పెట్టి తొక్కుకుంటూ ఎక్కే చిన్న యంత్రం అది. మన దివిసీమలో, బందరు చుట్టుపక్కల కొబ్బరి తోటలున్నవాళ్ళు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. దింపు కార్మికుడికి యంత్రం ఇవ్వండి, వాడటం అలవాటయ్యేదాకా పొట్టి చెట్ల మీద ఎక్కనివ్వండి. ఇంట్లో రెండు కాయల కోసమైతే దోటి చాలు. తీగల దగ్గర మాత్రం ఇనుప గడ అసలు పట్టొద్దు. తడిసిన వెదురు కూడా నమ్మొద్దు.

బెల్టు గురించి చాలామంది అడిగారు. నడుముకి కట్టే బెల్టు వద్దు. పడ్డప్పుడు బరువంతా నడుం మీదే పడి లోపల దెబ్బ తగులుతుంది. భుజాలు, తొడలు కూడా పట్టుకునే పూర్తి హార్నెస్ తీసుకోండి, దాని మీద ఐఎస్ 3521 అనే గుర్తుందో లేదో చూడండి. అయితే ఇక్కడో తిరకాసు ఉంది, అమ్మేవాళ్ళు చెప్పరు. హార్నెస్‌కి కట్టే తాడు దాదాపు ఆరడుగులు. కుదుపు తగ్గించటానికి అందులో ఒక భాగం ఇంకో అయిదారడుగుల దాకా విచ్చుకుంటుంది. దాని కింద మనిషి పొడుగు. అన్నీ కలిపితే మనిషి గాల్లో ఆగటానికి ఇరవై అడుగుల చోటు కావాలి. సావిడి ఎత్తు పన్నెండే కదా. అంటే తాడు బిగుసుకోకముందే మనిషి నేలకి తగులుతాడు. తక్కువ ఎత్తులో హార్నెస్ వాడితే, అంచు దాకా వెళ్ళనివ్వనంత పొట్టి తాడు కట్టాలి. దాన్ని గట్టి దూలానికి కట్టాలి. రేకు బోల్టుకి కడితే కట్టనట్టే లెక్క.

నిచ్చెన కూడా చెప్పేస్తా. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా పెట్టాలి. పన్నెండు అడుగులకి మూడడుగులు. ఎక్కే చోటు కంటే మూడడుగులు పైకి పొడుచుకుని ఉండాలి, దిగేటప్పుడు పట్టు దొరకాలి కదా. పై కొస తాడుతో కట్టెయ్యండి. మన మట్టి నల్లరేగడి, చెప్పులకి ముద్దలా అంటుకుంటుంది. కాళ్ళు కడుక్కునే ఎక్కాలి. చేతిలో బరువుతో ఎక్కొద్దు, తాడు కట్టి తర్వాత పైకి లాక్కోండి.

ఇంత చేసినా మనిషి పడ్డాడనుకోండి. ఇది శ్రద్ధగా వినండి, ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. అతను పడగానే మేం నలుగురం పరిగెత్తి, చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెట్టాం. మంచినీళ్ళు పట్టాం. కాళ్ళు పట్టుకుని ఇద్దరు, భుజాలు పట్టుకుని ఇద్దరు, ఆటోలో వంచి పడుకోబెట్టాం. వెన్నుపూస విరిగినవాణ్ణి అట్టా కదిలిస్తే లోపల నరానికి దెబ్బ ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. పడ్డప్పుడే పోయాయా, మేం లేపటం వల్ల పోయాయా అతని కాళ్ళు? ఆ ప్రశ్న నాకు రోజూ వస్తుంది.

కాబట్టి, పడ్డ మనిషిని లేపొద్దు. కూర్చోబెట్టొద్దు. నీళ్ళు పట్టొద్దు. ఒకరు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతుల్తో తల కదలకుండా ఎట్టా ఉన్నది అట్టాగే పట్టుకోండి. "కదలొద్దు, మేం ఉన్నాం" అని మాట్లాడుతూ ఉండండి. రక్తం కారుతుంటే గుడ్డతో అదిమి పట్టండి. ఇంకొకరు 108కి ఫోను చేసి, ఎత్తు మీద నుంచి పడ్డాడు, నడుం దెబ్బ అని చెప్పండి. వాళ్ళ దగ్గర మనిషిని కదలకుండా పడుకోబెట్టే గట్టి బల్ల ఉంటుంది. మీద గోడ కూలేటట్టుంటేనో, కరెంటు తీగ పడి ఉంటేనో తప్ప అక్కడి నుంచి కదపొద్దు. కరెంటు ఉంటే ముందు సప్లై ఆపించాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి.

చివరిగా డబ్బు మాట. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అని ఉంది. 2015 నుంచి ఉంది. ఏడాదికి 20 రూపాయలు, మీ బ్యాంకు ఖాతాలోంచి తీసుకుంటారు. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి వర్తిస్తుంది. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, రెండు కాళ్ళూ పూర్తిగా పనిచెయ్యకపోయినా 2 లక్షలు, ఒక కాలో చెయ్యో పోతే లక్ష. చెట్టు మీద నుంచి పడటం లాంటివాటికి వెంటనే చేర్పించిన ఆసుపత్రి కాగితమే సాక్ష్యం. అందుకని ఆసుపత్రిలో "ఎట్టా తగిలింది?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయించండి. "ఇంట్లో జారాడు" అని రాయించి యజమానిని కాపాడటానికి చూస్తారు కొందరు. అది ఆ కుటుంబం నోరు కొట్టటమే. 30 రోజుల్లోపు బ్యాంకులో ఫారం ఇవ్వండి. ఆ మనిషికి ఈ బీమా లేదండీ. 20 రూపాయలు. నా దగ్గర పదేళ్ళు పనిచేశాడు, ఒక్కసారన్నా అడిగానా నేను? ఇప్పుడు మా పొలంలో దిగే ప్రతి మనిషికీ ఏటా మే నెలాఖరు లోపు ఆ 20 రూపాయలు నేనే కట్టిస్తున్నా. అతని ఇంటి ఖర్చు కూడా నాకు చేతనైనంత చూస్తున్నా. అది గొప్పకి చెప్పట్లేదు. అదేం పూడ్చదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

మొన్న అతని దగ్గరకెళ్ళి, ఈ వీడియోలో ఏం చెప్పమంటావురా అని అడిగాను. మంచం మీద నుంచే అన్నాడు, "నేను అడిగాను కదా బాబాయ్, ఆగుతాయా అని. అట్టా అడిగినోడి మాట వినమని చెప్పు." అంతే అన్నాడు.

కాబట్టి అదే చెబుతున్నాను. మీ పనిలోకొచ్చిన మనిషి నిచ్చెన మీద కాలు పెట్టి "ఇది ఆగుతుందా?" అని అడిగితే, పని ఆపెయ్యండి. ఎక్కనన్నాడని కూలి కొయ్యొద్దు, పిరికోడని నవ్వొద్దు. ఆ ప్రశ్నే మనకున్న మొదటి సేఫ్టీ బెల్టు.

తుపాన్ల రోజులు దగ్గరకొస్తున్నాయి. ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. మీ సావిడి లోపలికెళ్ళి, నేల మీద నిలబడి పైకి చూడండి. రేకుల్లోంచి వెలుతురు ఎక్కడెక్కడ పడుతోందో సుద్దముక్కతో కింద నేల మీద గుర్తు పెట్టుకోండి. ధాన్యం ఆ గుర్తుల మీద పెట్టకండి. అట్టా చేస్తే తుపాను రోజు ఎవరూ ఎక్కక్కర్లేదు.

వచ్చే భాగంలో ధాన్యంలో తేమ శాతం గురించి మాట్లాడుకుందాం. ఈ వీడియో పని చేసేవాళ్ళకి కాదండీ, పని చెప్పేవాళ్ళకి పంపండి.